ఏ బుక్కులా లేని మా బాపు తుపాకి

నాకు ముక్కు మీద కోపం. మొగపిల్లగానివై పుడితే ఏ యూనియన్లనో లీడరువు అయ్యేదానివని నన్ను కన్న మా అవ్వ ఎప్పుడూ అంటుండె. కానీ ఆ ఏడాది నా కోపమంతా ఏ గంగల కలిసిందో నాకే తెల్వదు. కోపం రావాలంటే ఎదుటోడు చేసింది ముందు మనకు సమజ్ కావాలె గదా. నాకు సమజే కాలె. దినానికొక్క తీరుగ నోరెళ్లబెట్టుడే అయింది నా పని.

మా బాపు గోదావరిఖనిల మందుగుండు గోదాం కాడ తుపాకి వాచ్‌మన్. బొగ్గుబాయిల బండ పేల్చే మందంతా ఆ గోదాంలనే పెడుతరు. ఊరికి దూరంగ, చుట్టూ ముళ్లకంచె, లోపల అగ్గిపెట్టె కూడా జేబుల ఉండద్దు. మా బాపుకు చుట్ట తాగే అలవాటు, డ్యూటీల ఎనిమిది గంటలు ఎట్ల ఓర్చుకుంటుండెనో, ఇంటికొచ్చినంక మాత్రం చెప్పులు ఇడువకముందే ముట్టిచ్చేటోడు.

అంతకుముందు బెల్లంపల్లిల బాయి దిగెటోడు. పైకప్పు కూలి ఎడమకాలు నుజ్జునుజ్జయింది. కంపెనీ దవాఖానల పాణం నిలబెట్టిన్రు గని కాలు సక్కగ కాలె. ఇగ నువ్వు బాయి దిగద్దని డాక్టరు రాసిండు. పైన కూసుండి చేసే పనులకేమో పెద్ద లైను, అందరికీ ఎవ్వలో ఒకలు సిఫారసు ఉంటుండె. మా బాపుకు ఉన్న సిఫారసు ఒక్కటే, తుపాకి. మా తాత నవాబుల కాలంల అడవిపందుల కావలికి లైసెన్సు తీసుకున్న ఒంటి గొట్టం తుపాకి. తాత పోయినంక లైసెన్సు బాపు పేరు మీదికి మారింది. సొంత తుపాకి, దానికి కాయిదం ఉన్నోళ్లను కంపెనీ ఆ రోజుల్ల గోదాం కావలికి పిలిచి పెట్టుకుంటుండె. గట్ల దొరికిన నౌకరి అది. నది ఇవతల కొత్త బాయిలు పడ్డంక మమ్ముల గోదావరిఖనికి మార్చిన్రు, క్వార్టరిచ్చిన్రు. తుపాకి ఉంటే నౌకరి, నౌకరి ఉంటే క్వార్టరు. మా ఇంట్ల ఇది అందరికీ ఎరుకే, అందుకే అవ్వ ఆ తుపాకిని బిడ్డకంటె ఎక్కువ సూసుకునేది. నా జడకు నూనె లేకున్నా దాని గొట్టానికి మాత్రం నూనె ఉండాలె.

నేను అప్పటికి ట్రైనింగు చేసి కాలనీల మిషన్ బడిల పంతులమ్మగ చేరిన. వాళ్లిచ్చే జీతం నా చీరలకే చాలకపోతుండె.

ఎలక్షన్లు వచ్చినయ్. లైసెన్సు తుపాకులన్నీ ఠాణాల జమచెయ్యాలెనని దండోరా ఏసిన్రు. ఇది ప్రతి ఎలక్షనుకు ఉండేదే గని కంపెనీ వాచ్‌మన్లకు అడుగుతుండకపోయేది. ఆ పారి మాత్రం అందరూ ఇయ్యవలసిందే అన్నరు. బాపు తుపాకిని పాత ధోతిల చుట్టుకొని, కుంటుకుంట పోయి ఇచ్చొచ్చిండు. చేతులు ఊపుకుంట వచ్చిండు.

రసీదు ఏది బాపూ అని అడిగిన.

రసీదెందుకు బిడ్డా, కాయిదం తుపాకికే కట్టి ఇచ్చిన అన్నడు, ఎంతో తెలివిగల్ల పని చేసినట్టు.

బాయి మనుషులు తప్ప ఇంకెవ్వలూ చెయ్యని పని అది. మీకు తెల్వకుంటె చెప్త. బాయి దిగెటోనికి నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఉంటది. దీపం గదిల దీపం తీసుకునేటప్పుడు ఆ బిళ్ల ఇస్తరు, దాన్ని ఆడ కొక్కానికి ఏస్తరు. పైకొచ్చి దీపం తిరిగిస్తెనే బిళ్ల చేతికొస్తది. షిఫ్టు అయినంక కొక్కానికి బిళ్ల ఏలాడుతున్నదంటే ఆ మనిషి ఇంకా లోపలనే ఉన్నడన్నట్టు, ఎతుకబోతరు. బాపు కాలు నుజ్జయిన దినం ఆయిన్ని ఎతికిచ్చింది ఆ బిళ్లే. అందుకని ఆయిన లెక్కల వస్తువూ దాని గుర్తూ ఒక్కకాడ ఉండాలె. తుపాకి ఠాణాల ఉన్నన్ని దినాలు లైసెన్సు కూడా దానికే ఏలాడుతుంటే ఇది ఫలానోనిదని చూసినోనికల్లా తెలుస్తది, తుపాకి ఇచ్చేటప్పుడు కాయిదం కూడా ఇస్తరు, అయిపాయె. దారంతోని గట్టిగ ముడేసి కట్టిండట. ఆ ముడి గురించి అవ్వకు మళ్లా ఇడమరిచి చెప్పిండు గుడ్క.

ఎలక్షన్లు అయినయ్. గెలిచినోళ్లు దండలేసుకున్నరు, ఓడినోళ్లు ఇంట్ల పన్నరు. తుపాకి మాత్రం రాలె. బాపు ఠాణాకు పోతే అడవుల దిక్కు గడబిడగ ఉన్నది, ఎవ్వలి తుపాకులు ఇయ్యద్దని పైనుంచి ఆర్డరు అన్నరట. పైన అంటే ఎంత పైన అని నేనడిగితే, హైదరాబాదంత పైన అన్నడు. సరేనని కట్టె పట్టుకొని డ్యూటీ చేసిండు. వానకాలమంతా కట్టెతోనే అయింది. గోదాం మేనేజరు సారు మంచోడు, చూసీ చూడనట్టు ఊకున్నడు.

అయితే మందుగుండు మీద అజమాయిషీ రాష్ట్రానిది కాదు, ఢిల్లీది. గోదాంకు లైసెన్సు ఢిల్లీ వాళ్లే ఇస్తరు, వాళ్ల ఇన్‌స్పెక్టరే వచ్చి చూస్తడు. ఆ పారి వచ్చినాయిన తాళాలు చూసిండు, కంచె చూసిండు, బాపు చేతిల కట్టె చూసిండు. తుపాకి లేని మనిషి తుపాకి వాచ్‌మన్ ఎట్లయితడని ఇంగ్లీషుల రాసి పోయిండు.

మేనేజరు బాపును పిలిచి చెప్పిండు. నేను చెయ్యగలిగింది చేసిన, ఇగ నా చేతుల లేదు, నీ తుపాకి వచ్చేదాక కట్టెతోనే ఎట్లనో సదురుకుంట, రాదని తేలితే మాత్రం ఆ జాగల వేరేటోన్ని పెట్టుకోవాలె, క్వార్టరు ఇడిచిపెట్టాలె అన్నడు. బాపు ఇంటికొచ్చి ఈ మాట చెప్పిండు. తుపాకి గుంజుకున్నది సర్కారు. తుపాకి ఏది అని అడిగిందీ సర్కారే. రెండు సర్కార్లు ఉంటయ్ బిడ్డా, ఒకటి ఇంకోదానితోని మాట్లాడదు అన్నడు బాపు. అట్లనే నవ్విండు గుడ్క. నాకు నవ్వు రాలె.

బడికి సెలవు పెట్టి బాపు ఎంబడి ఠాణాకు పోయిన. పాత ఎస్సై బదిలీ అయిండు, కొత్తాయిన వచ్చిండు, నాకంటే ఒకటి రెండేండ్లు పెద్దోడు ఉంటడేమో. బాపును కూసోమనలె, నన్ను మాత్రం కూసోమన్నడు. నేను కూసోలె. సంగతి చెప్పినం. ఆయిన జమానును, అదే ఠాణా కానిస్టేబుల్‌ను, పిలిచి తుపాకుల గది తలుపు తీయించిండు. గోడకు ఆనించి వరుసగ తుపాకులు, దుమ్ము పట్టి ఉన్నయ్. బాపు గడప ఇవతలినుంచే చెయ్యి చాపి అదే సార్ అన్నడు. బయటికి తెచ్చిన్రు. బాపు పేరు రాసిన గుడ్డపేలిక ఉన్నది. బాపు కట్టిన దారం ఉన్నది, ముడి కూడా ఉన్నది. కాయిదం లేదు.

నేను ఆ దారం దిక్కే చూసుకుంట నిలబడ్డ. ముడి ఇప్పలేదు, తెగలేదు, సన్న కాయిదం ముక్క ఒకటి ముడిల ఇరుక్కొని ఉన్నది, అంతే. ఎలుకలు తిన్నయో, చెదలు పట్టిందో, ఎవ్వలన్న గుంజిన్రో ఎవ్వలు చెప్పాలె. బాపు మాత్రం వంగి తుపాకులున్న గదిల నేల మీద ఎతుకుతున్నడు, కిందపడ్డదేమోనని.

లైసెన్సు ఏది అన్నడు ఎస్సై. తుపాకికే కట్టిన సార్ అన్నడు బాపు. కట్టమని ఎవ్వలు చెప్పిన్రు అన్నడు. ఎవ్వలూ చెప్పలె సార్, దీపం గదిల గట్లనే ఏస్తం గదా అన్నడు. ఎస్సైకి దీపం గది సంగతి ఏం తెలుస్తది. ఈ ముసలోనికి దిమాక్ ఉన్నదా లేదా అన్నట్టు నా దిక్కు చూసిండు. నా వొళ్లు మండింది గని ఏమంటం, తుపాకి ఆయిన చేతులనే ఉన్నదాయె. జిల్లా కచేరిల బుక్కుల పేరు ఉంటది, నకలు తెచ్చుకోండ్రి, ఇస్త అన్నడు. పాణం లేచొచ్చింది. గింతేనా అనుకున్న. నకలుదేముంది, ఒక్క పొద్దు పని.

ఆ ఒక్క పొద్దు ఏడాదయింది.

మా దిక్కు జిల్లా కచేరిల గుమాస్తా మర్యాదస్తుడు. తల్లీ అని పిలిచి, మంచినీళ్లు తెప్పిచ్చి, బుక్కు తీసి వేలు పెట్టి చూసుకుంట పోయిండు. మీ బాపు పేరు లేదు తల్లీ అన్నడు. ఎట్ల లేదు, ఏటా మీరే గదా ముద్రేస్తుంటిరి అన్న. ముద్ర కాయిదం మీద ఏస్తం, బుక్కుల ఉండేది మొదలు లైసెన్సు ఇచ్చిన జిల్లాల, మీది బెల్లంపల్లి గదా, నది అవతలి జిల్లా, ఆడ అడుగుండ్రి అన్నడు.

పోయినం. మంచిర్యాల దాకా రైలు, ఆడికెళ్లి బస్సు. అవతలి కచేరిల బుక్కు తీసిన్రు. బాపు పేరు ఉన్నది. నాకు పాణం ఎగిరి గంతేసింది. పేరు మీద ఎర్రసిరా గీత కూడా ఉన్నది. గిదేంది అంటే, ఈ మనిషి జిల్లా ఇడిచిపెట్టి పోయిండు, అందుకే కొట్టేసినం, ఇగ వాళ్లు ఎక్కిచ్చుకోవాలె అన్నడు ఆడి గుమాస్తా. వాళ్లు ఎక్కిచ్చలే సార్ అన్న. అది మేమేం చేస్తం అన్నడు. కొట్టేసినట్టన్నా ఒక నకలియ్యుండ్రి అని బతిలాడితే, కొట్టేసినదానికి నకలు ఉండదట.

నేను బిత్తరపోయిన. మనిషి ఎదురుంగ నిలబడ్డడు, తుపాకి ఠాణాల నిలబడ్డది, మరి వీళ్లిద్దరి చుట్టరికం ఏ బుక్కుల లేదట. అవతల కొట్టేసిన్రు, ఇవతల రాయలే. నది మీది బ్రిడ్జి నడుమ నిలబడ్డట్టు అయింది మా బాపు పని.

మళ్లా ఇవతలికి. ఇప్పుడన్నా ఎక్కియ్యుండ్రి సార్, మీ చేతుల పనే గదా అంటే, ఆ గుమాస్తా కండ్లద్దాలు తీసి తుడుచుకుంట, నాకు ఇప్పటికీ మళ్లా మళ్లా గుర్తొచ్చే మాట అన్నడు.

"చట్టం ఢిల్లీది తల్లీ, బుక్కు మాది. బుక్కుల ఎక్కియ్యాలంటే అసలు కాయిదం చూడాలెనని చట్టం. అది మార్చుడు మా చేతుల లేదు."

అయితే ఢిల్లీకే రాస్త అన్న. రాయి తల్లీ, రాసుడు మంచిదే అన్నడు పాపం, ఆయినకు నా మీద జాలి కలిగినట్టున్నది.

రాసిన. బడిల హెడ్‌మాస్టరమ్మతోని దిద్దిచ్చుకొని మంచి ఇంగ్లీషుల రాసిన. బాపు కాలు సంగతి, గోదాం సంగతి, మీ ఇన్‌స్పెక్టరే తుపాకి ఉండాలె అన్నడు గదా అన్న సంగతి, అన్నీ రాసిన. రోజూ పోస్టుమాన్ సైకిల్ చప్పుడు ఇనబడితే బయటికి ఉరుకుడే. ఆఖరికి జవాబొచ్చింది. టైపు కొట్టిన కాయిదం, మీద సింహాల బొమ్మ. లైసెన్సులిచ్చుడు, వాటి బుక్కులు సూసుకునుడు రాష్ట్ర సర్కారు పని, మీరు ఆ దిక్కే అడుగుండ్రి అని రెండే రెండు లైన్లు. అవ్వ ఆ సింహాలను చూసి, పెద్దోళ్లు రాసిన్రు, ఇగ అయిపోతది పని అన్నది. ఆమెకు ఆ లైన్లు చదివి చెప్పేతందుకు నాకు నోరు రాలె. గుమాస్తాకు చూపెడితే ఫైల్ల పెట్టుకున్నడు.

ఇగ ఇంతకంటె ఏమైతది అనుకున్న. ఒకనాడు నేను బడినుంచి వచ్చేవరకు బాపు అరుగు మీద కూసున్నడు, చేతిల చుట్ట ఆరిపోయి ఉన్నది, పక్కన జమాను ఇచ్చిపోయిన కాయిదం. ఏందో చదువు బిడ్డా, కోర్టు అంటుండు ఆయిన అన్నడు. చదివిన. లైసెన్సు లేని తుపాకి దాచుకున్న నేరం. ఎవ్వలు అంటే మా బాపు. ఏ తుపాకి అంటే ఠాణాల ఉన్న తుపాకి. అడవుల దిక్కు గడబిడ పెరిగిందని లైసెన్సు లేని తుపాకులన్నిటి మీద కేసు పెట్టుమని ఆర్డరొచ్చిందట, ఎస్సై తన ఠాణాల ఉన్న తుపాకులు బయటేసి చూసిండట, దీనికేమో కాయిదం లేదు, ఏ జిల్లా బుక్కులా లేదు, పేరు మాత్రం ఉన్నది. మనిషి దగ్గర దొరికింది అని రాసిండు.

దొరికింది అన్నకాడ నా చూపు ఆగిపోయింది. దొరికిందా? మా బాపు కుంటుకుంట మోసుకపోయి సర్కారు చెప్పినందుకు అప్పజెప్పిన తుపాకి, దొరికిందా? ఆ కాయిదం మళ్లా మొదటికెళ్లి చదివిన. నకలు కోసం తిరిగి తిరిగి, ఈ తుపాకి ఏ బుక్కుల లేదని ఊరూరా చాటిచ్చింది మేమే గదా అని అప్పుడు తట్టింది. అవ్వ లోపలినుంచి ఏమైందే అని అడుగుతనే ఉన్నది.

వకీలు సారు ముసలాయిన, మా కాలనీల శానమంది కేసులు చూసినోడు, మాతోని ఫీజు సంగతే ఎత్తలె. ఆయిన చెప్పింది సాఫ్ సీదా. నీ తుపాకి అని రుజువుచేసే కాయిదం ఎక్కడా లేదు కాకా. జమచేసినట్టు ఠాణాల రాసుకోలె. ఉన్నదల్లా పేలిక మీద పేరు, ఆ పేరుగల్లోడు ఈ కాలనీల వాడకొకడు ఉంటడు. నాది కాదు అను, కేసు ఆన్నే పడిపోతది. నాది అన్నవనుకో, లైసెన్సు చూపెట్టుమంటరు, చూపెట్టకుంటే జైలు కూడా కావచ్చు అన్నడు.

నాది కాదు అంటే తుపాకి వాపస్ రాదు గదా అని అడిగిన. రాదు అన్నడు.

ఇగ మా ఇంట్ల లొల్లి. అవ్వ నాది కాదు అనే అనాలె అన్నది, నౌకరి పోతే పోయింది, మనిషి మిగులుతడు అని ఏడ్చింది. నాకు మాత్రం మండిపోయింది. ఎట్ల అంటడు? మా తాత తుపాకి, ఎన్నేండ్లు దాంతోని అన్నం తిన్నం. ఉన్నది ఉన్నట్టు చెప్పు బాపూ, ఆడ కూసున్నది చదువుకున్న మెజిస్ట్రేటు, అన్ని సంగతులు ఇంటె ఎంత రాతిగుండెటోడైనా తుపాకి ఇయ్యుమని రాస్తడు, కట్టె ఇడిచిపెట్టి గోదాంకు పోతవు, క్వార్టరూ ఉంటది అన్న. మంచిగ నేర్పిచ్చిన, బడిపిల్లలకు పద్యం నేర్పినట్టు. ముందు నవాబుల కాలం చెప్పు, అటెనుక నీ కాలు సంగతి చెప్పు, ఎలక్షన్ల దండోరా మర్చిపోకు అని. బాపు అన్నిటికీ ఊఁ అన్నడు.

కోర్టుకు బాపు తెల్ల అంగీ ఏసుకొచ్చిండు. ఎస్సై తుపాకిని బల్ల మీద పెట్టించిండు. ఆడ పెట్టినంక అది ఎంత చిన్నగ కనిపించిందో. మెజిస్ట్రేటు నడీడు మనిషి, కోస్తా దిక్కు మాట, గొంతు మెత్తగ ఉన్నది. కాగితాలు చూసి, తలెత్తి, ఈ తుపాకీ నీదేనా అని అడిగిండు. వకీలు సారు బాపు దిక్కు చూసిండు. నేనూ చూసిన, నేర్పిన మాటలు నా పెదవుల మీదనే ఆడుతున్నయ్.

బాపు కట్టె మీద రెండు చేతులు ఆనిచ్చి, సారూ, ఒక్క మాట అడుగచ్చునా అన్నడు. మెజిస్ట్రేటు అడుగు అన్నడు.

"నాది అంటే నాకు ఇస్తరా సారూ?"

కోర్టుల నవ్విన్రు ఎవ్వలో. మెజిస్ట్రేటు మాత్రం నవ్వలె. కాగితాల దిక్కు మళ్లా ఒకపారి చూసిండు, ఏమన్న తొవ్వ ఉన్నదేమోనని చూసినట్టే నాకు అనిపిచ్చింది. లేదయ్యా, చట్టం కేంద్రానిది, లైసెన్సు రాష్ట్రం ఇవ్వాలి, లైసెన్సు లేని మనిషి చేతికి తుపాకీ ఇమ్మని నేను రాయలేను అన్నడు.

ఎన్నడన్నా ఇస్తరా సారూ అన్నడు బాపు.

నా చేతిలో లేదు అన్నడు మెజిస్ట్రేటు.

బాపు బల్ల మీది తుపాకిని చూసిండు. ఆ కట్టె మీదినుంచి ఒక చెయ్యి తీసి దాని దిక్కు కొంచెం చాపిండు, మళ్లా ఎనుకకు తీసుకున్నడు. ఏమనబోతున్నడో నాకు తెలిసిపోయింది, వద్దు బాపూ అనాలనుకున్న, లేచి నిలబడ్డ గుడ్క.

"అయితే నాది కాదు సారూ."

అన్నడు. నేర్పింది నేను, ఒక్క ముక్క చెప్పలె. కాలు సంగతి ఎత్తలె, తాత పేరు ఎత్తలె. జమాను తుపాకి ఎత్తుకొని మా ముందలినుంచే పోయిండు, బాపు కుంటికాలు ఎనుకకు జరుపుకొని ఆయినకు తొవ్వ ఇచ్చిండు.

బయట వకీలు సారు భుజం తట్టి గెలిచినవ్ కాకా అన్నడు. చెట్టు కింద నిలబడి బాపు మొకం దిక్కు చూస్తున్న, ఏడుస్తడేమో, తిడుతడేమోనని. ఆయిన చుట్ట తీసిండు, ముట్టియ్యలె, మళ్లా జేబుల పెట్టుకున్నడు.

"జల్ది పా బిడ్డా. బస్సు దొరికితే పొద్దుండంగ ఇంటికి పోతం. క్వార్టరు ఖాళీ చెయ్యాలె, సామాన్లు సదురుకోవాలె."